సంఘంలో వాక్యం బోధించే పనికి ఒప్పుకున్నవారు ఏం చేయాలి: పిలుపును పరీక్షించుకోవడం నుంచి మరొకరికి అప్పగించడం వరకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఒకే పాస్టరు గారు రెండు మూడు ఊళ్ల సంఘాలను చూసుకోవడం మామూలు విషయం. ఆయన వేరే ఊళ్లో ఆరాధన జరిపించే ఆదివారం నాడు సంఘ పెద్దల్లో ఒకరు మీ దగ్గరకు వచ్చి, "బాబూ, నువ్వు చదువుకున్నోడివి, ఈ వారం వాక్యం నువ్వే చెప్పు" అంటారు. మన ప్రాంతంలో చాలామంది బోధకుల పని ఇలాగే మొదలవుతుంది. సండే స్కూలు టీచర్లు, యౌవనస్థుల కూటాన్ని నడిపేవారు, స్త్రీల కూటంలో వాక్యం చెప్పేవారు కూడా దాదాపు ఇదే దారిలో వస్తారు. అలా పిలుపు అందుకుని, ఆ పనిని నిజంగా సరిగ్గా చేయాలనుకునే మీ కోసమే ఈ వివరాలు రాస్తున్నాను.

ఒప్పుకునే ముందు

పెద్దలు అడిగిన వెంటనే ఒప్పుకోకండి. యాకోబు పత్రిక మూడవ అధ్యాయం మొదటి వచనాన్ని తెరిచి, గట్టిగా పైకి చదవండి: "నా సహోదరులారా, బోధకులమైన మనము మరి కఠినమైన తీర్పు పొందుదుమని తెలిసికొని మీలో అనేకులు బోధకులు కాకుండుడి." ఈ మాట రాసిన మనిషి స్వయంగా బోధకుడే. "బోధకులమైన మనము" అని తనను కూడా కలుపుకునే రాశాడు. ఈ వచనం చదివి మీకు కొంత భయం కలిగితే అది మంచి సూచనే గాని, తప్పుకోవడానికి కారణం కాదు. ఏ మాత్రం భయం కలగకపోతే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.

తరువాత మొదటి తిమోతి పత్రిక మూడవ అధ్యాయంలో అధ్యక్షునికి, అంటే సంఘాన్ని నడిపించేవానికి, ఉండవలసిన లక్షణాల జాబితాను చూడండి. నిందారహితుడు, మితానుభవుడు, అతిథిప్రియుడు, ధనాపేక్ష లేనివాడు అంటూ సాగే ఆ వరుసలో "బోధింపతగినవాడు" అనే ఒక్క మాట మాత్రమే నైపుణ్యానికి సంబంధించినది, మిగిలినదంతా నడవడికి సంబంధించినదే. కాబట్టి మీకు మాట్లాడడం వచ్చా లేదా అన్న ప్రశ్నను చివరికి ఉంచి, మీ భార్యనో భర్తనో, మీతో కలిసి పొలంలోనో ఆఫీసులోనో పనిచేసే వారినో ముందుగా అడగండి. సంఘంలో కనిపించే మీరూ, ఇంట్లో కనిపించే మీరూ ఒక్కరేనా అన్నది వారికే తెలుస్తుంది.

పిలుపు ఉన్నదో లేదో తెలుసుకోవడానికి నేను చూసినంతలో నమ్మదగిన గుర్తు ఒకటుంది. మీకు ఏ బాధ్యతా అప్పగించక ముందే, ఎవరైనా మీ దగ్గరకు వచ్చి "ఈ వచనానికి అర్థం ఏమిటి" అని అడుగుతున్నారా? మీరు చెప్పిన తరువాత వారికి విషయం మరింత స్పష్టమైందా? ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం ప్రకారం ఉపదేశకులు సంఘానికి ఇవ్వబడిన వరం. వరం పొందినది సంఘం కాబట్టి, ఆ వరం ఉన్నదని గుర్తించవలసినది కూడా సంఘమే. మూడు నెలల పాటు ఒక చిన్న గుంపుకు, పది పన్నెండు మందికి మించకుండా, బోధించి చూస్తామని పెద్దలతో చెప్పండి. ఆ గడువు తరువాత కొనసాగాలో మానుకోవాలో వారితో కలిసి నిర్ణయించండి. మానుకోవలసి వస్తే అందులో అవమానం ఏమీ లేదు, ఎందుకంటే రోమా పత్రిక పన్నెండవ అధ్యాయంలో బోధించడం పక్కనే పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం కూడా ఉన్నాయి.

స్త్రీలు ఉపదేశ వేదిక నుంచి బోధించే విషయంలో సంఘానికీ సంఘానికీ పద్ధతి వేరుగా ఉంటుంది, మీ సంఘం పద్ధతిని పెద్దలతో మాట్లాడి తెలుసుకోండి. అయితే తీతు పత్రిక వృద్ధ స్త్రీలను "మంచి ఉపదేశము చేయువారు"గా ఉండమంటుంది. మిషనరీల కాలంలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలు లేకపోతే తెలుగు నాట ఎన్నో కుటుంబాల లోగిళ్లలోకి సువార్త చేరేదే కాదు.

వారం రోజుల సిద్ధపాటు

ఆదివారం చెప్పవలసిన పాఠానికి శనివారం రాత్రి కూర్చోవడం మన దగ్గర బాగా అలవాటైన తప్పు. సోమవారమే మొదలుపెట్టండి. మొదటి రోజు వ్యాఖ్యానాలూ యూట్యూబ్ ప్రసంగాలూ ఏవీ ముట్టకుండా, ఎంచుకున్న భాగాన్ని దాని ముందు అధ్యాయంతోనూ తరువాతి అధ్యాయంతోనూ కలిపి చదవండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ సందర్భంలో మాట్లాడుతున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. సగం తప్పులు ఇక్కడే ఆగిపోతాయి.

రెండవ రోజు మాటల పని. మన చేతిలో ఉన్న పాత అనువాదం గ్రాంథికానికి దగ్గరగా ఉంటుంది. పెద్దలకు ఆ మాటలు నోటికి వచ్చినా, అర్థం అంతే తేలిగ్గా వస్తుందని అనుకోకూడదు. సుంకరి, వేషధారి, విమోచన క్రయధనము, మారుమనస్సు, శోధన వంటి మాటలు తగిలిన ప్రతిచోటా గీత గీసి, మీ ఊరి మాటలో దాన్ని ఎలా చెబుతారో పక్కన రాసుకోండి. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే మరీ మంచిది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ముందుగా తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు మరణించారు, ఇద్దరూ తమ పని అచ్చులో చూసుకోలేదు. వారు ఒక్కొక్క మాట కోసం పడిన శ్రమలో నూరో వంతు మనం పడినా, వినేవారికి ఎంతో మేలు జరుగుతుంది.

ఈ మాటల పని ఎందుకు అవసరమో నా అనుభవం ఒకటి చెబుతాను. ఆమదాలవలసకు దగ్గరలోని ఒక పల్లెలో, మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలోని క్షమించని దాసుని కథ చెబుతున్నాను. పదివేల తలాంతులు అచ్చియున్న, అంటే బాకీ ఉన్న, దాసుణ్ణి రాజు క్షమిస్తే, ఆ దాసుడు బయటకు వెళ్లి నూరు దేనారములు అచ్చియున్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. నేను లెక్క కట్టుకుని వెళ్లాను. దేనారము ఆ కాలంలో కూలివాని ఒక రోజు కూలి అని మత్తయి ఇరవయ్యవ అధ్యాయమే చెబుతుంది. తలాంతు ఒకటి సుమారు ఆరు వేల దేనారములు. అంటే మొదటి అప్పు ఆరు కోట్ల రోజుల కూలి, రెండవది వంద రోజుల కూలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక్కో కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చింది కూడా వంద రోజుల పనే కాబట్టి, ఆ పోలిక చెబితే అందరికీ తేలిగ్గా అర్థమవుతుందని సంతోషపడ్డాను. చెప్పి, "చూడండి, ఎంత చిన్న అప్పు కోసం గొంతు పట్టుకున్నాడో" అన్నాను.

ముందు వరుసలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక ముసలమ్మ, రోజంతా ఊడ్పుల్లో వంగి వచ్చిన మనిషి, తల అడ్డంగా ఊపింది. "నూరు రోజుల కూలంటే సిన్నమాటేటి బాబూ? మాకది ఏడాది బువ్వ. అది ఒగ్గీయడం కూడా కష్టమే మరి" అంది.

ఆమె చెప్పినదే నిజం. ఆ ఉపమానంలో తోటివాడి అప్పు అసలు లెక్కలోకి రానంత చిన్నదని ఎక్కడా లేదు. మన మీద జరిగిన అన్యాయం నిజంగానే మన ఏడాది తిండి అంత పెద్దది కావచ్చు, అయినా క్షమించమనే ఆ కథ అడుగుతున్నది. నేను లెక్క సరిగ్గా కట్టి, అర్థాన్ని తేలిక చేసి పెట్టాను. తన బిడ్డను మోసం చేసినవారిని క్షమించలేక కుమిలిపోయే మనిషి ఆ రోజు అక్కడ ఉండి ఉంటే, "నీ బాధ చిన్నది" అని నేను చెప్పినట్టే అయ్యేది. అక్కడే ఒప్పుకుని, ఆమె మాటతోనే పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి మీకూ సూచిస్తాను: శుక్రవారం నాటికి పాఠాన్ని సంఘంలోని ఒక పెద్దవారికి, చదువు లేనివారైతే మరీ మంచిది, వారి ఇంటి అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో చెప్పి వినిపించండి. వారి ముఖం ఎక్కడ మారిందో గమనించండి.

విత్తువాని ఉపమానం చెప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఆకుమడి పోసి ఊడ్చేవారు "దారి మీద విత్తనం ఎవడు పారేస్తాడు" అని అడుగుతారు. వెద జల్లే పద్ధతి తెలిసిన రైతు మీ ముందే కూర్చుని ఉంటాడు, గట్టు మీద, కాలిబాట మీద గింజలు ఎలా పడతాయో ఆయన్నే చెప్పమనండి. రాతి నేల అంటే రాళ్లు పరిచిన నేల కాదని, రాయి మీద పలుచగా మట్టి ఉన్న నేల అని మాత్రం మీరు చేర్చండి, మొక్క త్వరగా మొలిచి త్వరగా మాడిపోవడానికి కారణం అదే.

యూట్యూబ్‌లో విన్న ప్రసంగాన్ని యథాతథంగా అప్పచెప్పడం గురించి ఒక మాట. ఆ బోధకునికి మీ సంఘంలో ఎవరి ఇంట్లో చావు జరిగిందో, ఎవరి కొడుకు చెన్నైకి కూలికి వెళ్లి ఆరు నెలలైందో తెలియదు. మీకు తెలుసు, మిమ్మల్ని అడిగింది అందుకే.

చెప్పే రోజు

వాక్య భాగాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదవండి. వినేవారిలో సగం మంది చేతిలో బైబిలు లేకపోవచ్చు, ఉన్నా కళ్లద్దాలు లేకపోవచ్చు, వారికి మీ గొంతే పుస్తకం. నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో ఎజ్రా, లేవీయులు చేసింది ఇదే: గ్రంథాన్ని స్పష్టంగా చదివి, జనులు గ్రహించేటట్టు అర్థం చెప్పారు. చదవడానికీ అర్థం చెప్పడానికీ ఎక్కువ సమయం, మీ అనుభవాలకు తక్కువ సమయం కేటాయించండి. ముప్పై నిమిషాలు చాలు.

ఒకే విషయం చెప్పండి. ముగించే ముందు, "ఈ రోజు మనం ఏం విన్నాం" అని ఎవరినైనా వారి మాటల్లో చెప్పమనండి. వారు చెప్పింది మీరు అనుకున్నది కాకపోతే వారిని తప్పుపట్టకుండా, మీరు చెప్పిన తీరును సరిచూసుకోండి. పాటను కూడా బోధలో భాగంగానే ఎంచుకోండి. మనకు పొరుగునే ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు, ఒక్క అక్షరం చదవలేని పెద్దవారికి కూడా సిద్ధాంతాన్ని రాగంతో సహా నోటికి నేర్పాయి.

ప్రశ్న అడిగినవారిని ఎదురు తిరిగినవారిగా చూడకండి. పౌలు చెప్పిన మాటలను సైతం బెరయవారు ప్రతిదినం లేఖనాలతో పోల్చి చూశారు, దానికి అపొస్తలుల కార్యముల గ్రంథం వారిని మెచ్చుకున్నది. జవాబు తెలియకపోతే "వచ్చే వారం చూసి చెబుతాను" అని చెప్పి, నోటు పుస్తకంలో రాసుకుని, వచ్చే వారం తప్పకుండా చెప్పండి. సీతంపేట వైపు సవర గిరిజన విశ్వాసుల మధ్య బోధించేటప్పుడు సవర భాష తెలిసిన మనిషిని పక్కన ఉంచుకుని, చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడండి. తెలుగు అర్థమవుతుందన్నట్టు తల ఊపడం చాలాసార్లు మర్యాద కోసమే.

నాలుక వల్ల ప్రాణాపాయం ఉన్న చోట్లు

తక్కిన తప్పులు దిద్దుకోవచ్చు గాని, కొన్ని తప్పులకు ఆ అవకాశం ఉండదు.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు, కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. అక్కడి కూటాల్లో "విశ్వాసం ఉంటే మందులు మానేయండి" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, అది మనిషిని చంపగల మాట. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి అది మానేస్తే, నీరూ విషపదార్థాలూ ఒంట్లో పేరుకుని కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. యాకోబు పత్రిక రోగి కోసం ప్రార్థించమని పెద్దలకు చెప్పింది, వైద్యం మానమని చెప్పలేదు. పౌలుతో పాటు తిరిగిన లూకాను "ప్రియుడైన వైద్యుడు" అని బైబిలే పిలిచింది. ప్రార్థన చేయండి, చేతనైతే డయాలసిస్ రోజున ఆ మనిషికి తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. స్వస్థత జరిగిందని సాక్ష్యం చెప్పించే ముందు డాక్టరు పరీక్షలు చూడమనండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి సమయంలో "ఇది ఫలానావారి పాపానికి శిక్ష" అని చెప్పాలనే శోధన బోధకునికి వస్తుంది. అప్పుడు లూకా సువార్త పదమూడవ అధ్యాయం చదవండి. సిలోయములోని గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది యెరూషలేములోని మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని యేసు స్పష్టంగా చెప్పి, వినేవారిని తమ సంగతి చూసుకోమన్నాడు. ముప్పై ఏళ్లు పెంచిన కొబ్బరి చెట్టు వేళ్లతో సహా పడిపోయి ఉన్న పెరట్లో నిలబడిన మనిషికి ముందుగా కావలసింది తాగేనీరు, కప్పుకోవడానికి టార్పాలిను. సంఘం చేత వాటిని పంపించడం కూడా మీ బాధ్యతే.

పొరుగువారి విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు కూడా నాలుకను అదుపులో పెట్టుకోవాలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరం వీధులు నిండిపోయినప్పుడు, మీ సంఘంలోని వారి అన్నదమ్ములు, మేనమామలు ఆ జనంలోనే ఉంటారు. వారిని ఎగతాళి చేస్తే క్రీస్తు గురించి ఒక్క అక్షరం బోధించినట్టు కాదు, పైగా ఆ ఇంటి కోడలు సాయంత్రం ఇంటికి వెళ్లి మీ మాటల బరువు మోయవలసి వస్తుంది.

పిల్లలకు బోధించేవారు

చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడు, అంటే తప్పుదారిలో పడేటట్టు చేసేవాడు, మెడకు పెద్ద తిరుగటిరాయి కట్టబడి సముద్రంలో ముంచబడడం మేలని యేసు చెప్పిన మాటను, సండే స్కూలు టీచర్లు ఏడాదికొకసారి కలిసి కూర్చుని చదవాలి. ఏ టీచరూ ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు, తెరిచిన తలుపు ఉండాలి. కొట్టకూడదు. ఒక బిడ్డ తనతో ఎవరైనా తప్పుగా ప్రవర్తించారని చెబితే, ఆ మనిషి సంఘంలో ఎంత పెద్దవాడైనా, విషయాన్ని పెద్దల మధ్య సర్దుబాటు చేయకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరి బాధ్యత, తెలిసీ చెప్పకపోవడం నేరం. బిడ్డల సహాయం కోసం 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ నంబరును సండే స్కూలు గోడ మీద, కంఠత వాక్యం రాసే బోర్డు పక్కనే, పిల్లలకు కనిపించేటట్టు పెద్ద అక్షరాలతో రాయించండి.

డబ్బు గురించి

గలతీయులకు రాసిన పత్రిక ప్రకారం వాక్యం నేర్చుకునేవారు నేర్పేవారికి తమ మంచి పదార్థాల్లో భాగం ఇవ్వాలి. పెరట్లోని గుమ్మడికాయ ఇస్తే ఆనందంగా తీసుకోండి. అయితే మీ బోధ వినేవారి దగ్గర అప్పు తీసుకోకండి, వారితో చీటీలు నడపకండి, కానుకల పెట్టె లెక్క మీరొక్కరే చూడకండి. అప్పు ఉన్న ఇంటి ముందు బోధకుని గొంతు తగ్గుతుంది, కానుక ఎక్కువ ఇచ్చే ఇంటి ముందు మెత్తబడుతుంది.

అప్పగించడం

మొదటి ఏడాది పూర్తయ్యేసరికి మీ తరువాత బోధించగల ఇద్దరిని గుర్తించి, శుక్రవారం సిద్ధపాటుకు వారిని మీతో కూర్చోబెట్టుకోండి. తాను చెప్పినది ఇతరులకు బోధించగల నమ్మకమైన మనుషులకు అప్పగించమని పౌలు తిమోతికి చెప్పాడు. సంఘమంతా ఒకే బోధకుని మీద ఆధారపడి ఉంటే, ఆయన వలస వెళ్లిన రోజున, జబ్బు పడిన రోజున అక్కడ వాక్యం ఆగిపోతుంది.

వారిలో ఒకరు మొదటిసారి నిలబడి చెప్పే ఆదివారం నాడు మీరు పక్కన కుర్చీలో కూర్చోకండి, అందరితో పాటు వెనుక వరుసలో చాప మీద కూర్చోండి. ఆయన ఏదైనా తప్పు చెబితే అక్కడ లేచి సరిదిద్దకండి, తల కూడా అడ్డంగా ఊపకండి. అపొల్లో ఎఫెసులో ధైర్యంగా బోధించినప్పుడు, అతనికి తెలియని సంగతి ఉందని గ్రహించిన ప్రిస్కిల్ల, అకుల అతనిని చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. మీరు కూడా ఆరాధన అయ్యాక ఆ యువకుణ్ణి భోజనానికి మీ ఇంటికి పిలవండి. ముందుగా బాగున్నది చెప్పండి, అన్నం తిన్నాక బైబిలు తెరిచి ఆ ఒక్క వచనాన్ని ఇద్దరూ కలిసి మళ్లీ చదవండి.